మందు చవకైంది, పరీక్ష మాటేమిటి?

సంపాదకులకు నమస్కారం.

అరుదైన క్యాన్సర్ల ప్రస్తావన రాగానే చర్చ లక్షల రూపాయల ఇంజెక్షన్ల మీదికి మళ్లుతుంది. మందు చవకగా దొరుకుతున్నా చికిత్స దారి తప్పే క్యాన్సర్ ఒకటుంది, అదే జిస్ట్ (గ్యాస్ట్రోఇంటెస్టైనల్ స్ట్రోమల్ ట్యూమర్). జీర్ణాశయం గోడలోనో చిన్నపేగు గోడలోనో పుట్టే ఈ కణితి ఏటా 10 లక్షల మందిలో సుమారు 10 నుంచి 15 మందికి వస్తుంది.

దీనికి వాడే ఇమాటినిబ్ ఒకప్పుడు గ్లివెక్ పేరుతో నెలకు లక్ష రూపాయలు దాటి పలికింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ పేటెంటు దరఖాస్తును తోసిపుచ్చాక మన కంపెనీల జనరిక్ మాత్రలకు అడ్డు తొలగింది. జాతీయ అత్యవసర మందుల జాబితాలోనూ ఈ మందు ఉంది. అంతవరకు బాగానే ఉంది. కానీ ఈ మాత్ర అందరి కణితి మీదా ఒకేలా పనిచేయదు.

జిస్ట్‌లో ఎక్కువగా కిట్ అనే జన్యువు మారి ఉంటుంది. ఆ మార్పు జన్యువులోని ఎక్సాన్ 11 అనే భాగంలో ఉంటే రోజుకు 400 మిల్లీగ్రాములు చాలు. జబ్బు ఇతర అవయవాలకు పాకి, మార్పు ఎక్సాన్ 9లో ఉంటే 800 దాకా పెంచాల్సి వస్తుంది. పీడీజీఎఫ్‌ఆర్‌ఏ జన్యువులో డి842వి అనే మార్పు ఉంటే ఇమాటినిబ్ ఎంత మింగినా ప్రయోజనం లేదు, దానికి అవాప్రిటినిబ్ అనే వేరే మందు కావాలి. పిల్లల్లో, యువతుల్లో జీర్ణాశయంలో వచ్చే, ఎస్‌డీహెచ్ అనే ఎంజైము లోపించిన రకానికి కూడా ఈ మాత్ర పెద్దగా పనిచేయదు. ఆ రకాన్ని ఎస్‌డీహెచ్‌బీ అనే ఒక్క ఐహెచ్‌సీ రంగుతో (కణాల్లోని ప్రొటీన్‌ను స్లైడ్ మీద రంగుతో చూపే పరీక్ష) పట్టుకోవచ్చు. ఆ ఒక్క స్లైడ్ కూడా చాలాచోట్ల వేయరు.

జన్యు పరీక్ష లేకుండా అందరికీ 400 రాసేస్తే ఏమవుతుంది? మూణ్ణెల్ల తర్వాత సీటీలో కణితి పెరిగి కనబడుతుంది. ‘జబ్బు మొండిది’ అంటారు. చాలాసార్లు మొండిది జబ్బు కాదు, మాత్రే తప్పు, లేదా మోతాదు తక్కువ.

మరి పరీక్ష ఎందుకు జరగదు? డబ్బు ఒక్కటే కారణం కాదు, తేదీలు కూడా కుదరవు. ఆపరేషన్ అయిన వారానికి ముక్క పరీక్ష రిపోర్టు వస్తుంది. ఆ తర్వాత సీడీ117, డాగ్1 రంగులు వేసి జిస్ట్ అని తేల్చడానికి ఇంకొన్ని రోజులు. జన్యు పరీక్షకు మామూలుగా మరో రెండు వారాలు. ఆయుష్మాన్ భారత్ ప్యాకేజీలో మందులకు, పరీక్షలకు డిశ్చార్జి తర్వాత 15 రోజులే లెక్క. రోగికి ఏ పరీక్ష కావాలో తేలేసరికే ఆ గడువు అయిపోవస్తుంది. రాష్ట్రాల ఆరోగ్య పథకాల్లో ఏపీలో రూ.25 లక్షలు, తెలంగాణలో రూ.10 లక్షలు అని పరిమితి ఎంత పెంచినా, మంచం మీద ఉన్న రోజులకే లెక్క కడితే ఈ వేల రూపాయల పరీక్ష ఇంటివాళ్ల నెత్తిన పడుతుంది. మందు ప్యాకేజీకి ముందస్తు అనుమతి ఇచ్చేటప్పుడే జన్యు పరీక్షను కూడా పేరు పెట్టి అందులో చేర్చాలి. దాని గడువును డిశ్చార్జి తేదీ నుంచి కాకుండా ముక్క పరీక్ష రిపోర్టు తేదీ నుంచి లెక్కించాలి. 800 మోతాదుకు అనుమతి అడిగితే ఎక్సాన్ రిపోర్టు జతచేయమనడం న్యాయమే, కానీ ముందు ఆ రిపోర్టు తెచ్చుకునే దారి చూపించాలి కదా!

డబ్బు కన్నా ముందే చెడిపోయేది ఇంకొకటుంది. ఆపరేషన్ థియేటర్ నుంచి మా ల్యాబుకు వచ్చే డబ్బా మూత తీస్తే పది సెంటీమీటర్ల కణితి మూతి ఇరుకైన డబ్బాలో కుక్కి ఉంటుంది, చుట్టూ అరచేతి లోతు మాత్రమే ఫార్మలిన్ (కణితి ముక్క కుళ్లకుండా నిలిపే ద్రవం). ఫార్మలిన్ గంటకు దాదాపు ఒక మిల్లీమీటరే లోపలికి దిగుతుంది. కొయ్యకుండా వదిలేస్తే పైన గట్టిపడి లోపల కుళ్లిపోతుంది. కొళాయి నీళ్లలో కలిపిన ఫార్మలిన్ నిల్వ ఉన్నకొద్దీ ఆమ్లమై డీఎన్‌ఏను తెంపేస్తుంది. అప్పుడు ఎంత ఖరీదైన ల్యాబుకు పంపినా ‘ఫలితం రాలేదు’ అనే జవాబు వస్తుంది. చేయాల్సింది పెద్ద పనేం కాదు. 100 మిల్లీలీటర్ల గాఢ ఫార్మాలిన్, 900 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్, 4 గ్రాముల మోనోసోడియం ఫాస్ఫేట్, 6.5 గ్రాముల డైసోడియం ఫాస్ఫేట్ కలపాలి. కణితిని సెంటీమీటరు మందాన కోసి, దానికి పది రెట్ల ద్రవంలో ముంచి, 6 నుంచి 72 గంటల్లోపు బయటికి తీయాలి. ఈ ఉప్పుల ఖర్చు జిల్లా ఆసుపత్రికి ఒక లెక్కే కాదు.

ఇక రోగిని ఊళ్లు తిప్పడం. తిరగాల్సింది కణితి ముక్కను మైనంలో పోతపోసి దాచిన బ్లాకు, మనిషి కాదు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, నిమ్స్, విశాఖలో హోమీ భాభా ఆసుపత్రులు ఉన్నాయి. జిల్లాల నుంచి బ్లాకులను కొరియర్‌లో ఇలాంటి కేంద్రాలకు పంపే ఏర్పాటు ప్రభుత్వమే చేయవచ్చు. ఇప్పుడు చాలాచోట్ల రంగు వేసిన స్లైడ్లు మాత్రమే చేతిలో పెడతారు. జన్యు పరీక్షకు బ్లాకు కావాలి, లేదంటే రంగు వేయని స్లైడ్లు కావాలి. బ్లాకును ఎండలో నిలిపిన కారులో వదిలేయకూడదన్న ముక్క కూడా ఎవరూ చెప్పరు, మే నెలలో డాష్‌బోర్డు మీద మైనం మెత్తబడుతుంది.

అవాప్రిటినిబ్ లాంటి మందు ఇక్కడ అందకపోతే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థకు ఫారం 12ఏలో దరఖాస్తు పెట్టి, 12బీ అనుమతితో సొంత వాడకానికి విదేశాల నుంచి తెప్పించుకోవచ్చు. ఆ కాగితం నింపిపెట్టే మనిషి ఒక్కరైనా ప్రతి బోధనాసుపత్రిలో ఉండాలి. క్యాన్సర్ ఆసుపత్రుల కూటమి అయిన జాతీయ క్యాన్సర్ గ్రిడ్ ఇప్పటికే అనేక ఆసుపత్రుల తరఫున మందులను కలిపి కొని ధర తగ్గించింది. అదే బేరం పరీక్షలకూ ఆడవచ్చు.

జన్యు పరీక్ష లేకుండానే ఇమాటినిబ్ వాడుతున్నవారి బ్లాకులు ఆయా ల్యాబుల అరల్లో నంబర్లతో సహా ఉన్నాయి. ఫార్మలిన్ సరిగా పట్టిన బ్లాకు ఏళ్ల తర్వాత కూడా పరీక్షకు పనికొస్తుంది. మళ్లీ ముక్క తీయక్కర్లేదు. ఆ అరల దగ్గరే మొదలుపెట్టమని రెండు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలను కోరుతున్నాం.

– కొందరు పాథాలజిస్టులు, గుంటూరు