వెల్డింగ్ షెడ్డులో చెమటను తేలిగ్గా తీసుకోవద్దు

సంపాదకులకు,

ఎండలు ముదిరాయి. కావలి, ఒంగోలు, చీమకుర్తి రోడ్ల వెంట వెల్డింగ్ షెడ్లలో కుర్రాళ్లు బనియన్లతో, హవాయి చెప్పులతో పని చేస్తున్నారు. రాడ్డు దగ్గర ఉండేది 60, 70 వోల్టులే కదా అన్న ధీమా వాళ్లది. ఒళ్లు పొడిగా ఉంటే జిల్లుమని వదిలేసే కరెంటే, చెమటకు తడిసిన ఒంటి మీద ప్రాణం తీయగలదు. పైగా ఆర్క్ (రాడ్డు కొసన లేచే మంట) వెలుగుతున్నప్పుడు వోల్టేజీ 20, 30కి పడిపోతుంది. ఆరగానే మళ్లీ పూర్తిగా ఉంటుంది. కాబట్టి రాడ్డు మార్చేటప్పుడే గండం. ఇనుప ట్రాలీలో కూర్చొని ఒట్టి చేత్తో మార్చడం మరీ ప్రమాదం.

బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే లైను ఆపేసే స్విచ్) ఉందని నమ్ముకోకండి. మిషన్‌కు వచ్చే లైనులో లీకయితే అది పడిపోయి లైను ఆపుతుంది గానీ, మిషన్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ అవతల, రాడ్డు పట్టే హోల్డర్ నుంచి కొట్టే షాక్ దానికి తెలియదు. అక్కడ కాపాడేవి ఎండిన తోలు గ్లోవ్స్, రబ్బరు సోలు బూట్లు, కింద వేసుకున్న పొడి చెక్క పలక. చెమటకు తడిసిన గ్లోవ్స్ వెంటనే మార్చాలి.

షాక్ కొడితే మనిషిని ముట్టుకోకముందే మెయిన్ ఆపాలి. చాలా షెడ్లలో ఆ స్విచ్ రేకుల వెనకో బస్తాల చాటునో ఉంటుంది. ముందు దాన్ని చేతికందేలా పెట్టించండి. ఆపే వీల్లేకుంటే ఎండు కర్రతో హోల్డర్‌ను తోసేయాలి. పడినవాడు పలక్కుండా, ఊపిరి మామూలుగా తీయకుండా ఉంటే ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఇంకొకరు ఛాతీ మధ్యన అరచేతులు ఒకదానిపై ఒకటి వేసి 5 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు, అలసిపోతే చేతులు మారాలి. లేచి కూర్చున్నా సరే, ఆస్పత్రిలో ఈసీజీ తీయించాల్సిందే.

కాలిన చోట 20 నిమిషాలు కుళాయి నీళ్లు పోయాలి. టూత్‌పేస్ట్, ఇంకు పూయకూడదు.

ఇక కళ్లు. షీల్డ్ లేకుండా ఇనుము పట్టుకునే హెల్పర్‌కు ఆర్క్ వెలుగు తగిలి రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది. చనుబాలు, ఉర్లగడ్డ ముక్కలు పెట్టొద్దు, కమిలిన నల్లగుడ్డుకు వాటి నుంచి క్రిములు సోకుతాయి. నులమకుండా, చల్లటి తడిగుడ్డ వేసి, చీకట్లో ఉంచి కంటి డాక్టరుకు చూపించాలి. హెల్పర్‌కూ 10 లేదా 11 నంబరు నల్ల అద్దం ఉన్న షీల్డ్ ఇవ్వాలి.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల ప్రభుత్వ ఐటీఐలు షెడ్డు పనివాళ్లకు ఆదివారం ఒక పూట ఛాతీ నొక్కడం నేర్పించాలని అధికారులను కోరుతున్నాం.

— వెల్డింగ్ శిక్షకులు, కావలి