శాండీగేట్ ఫుట్‌బాల్ గ్రౌండు వాళ్ళకు, మా నాన్న తరఫున

అందరికీ నమస్కారం. ఆరు నెలలు మా దగ్గర ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఉన్న నాన్న మొన్న ఆదివారం క్షేమంగా ఊరు చేరుకున్నారు. విమానాశ్రయంలో నా చేయి పట్టుకుని ఒక్కటే చెప్పారు. "ఆ గ్రౌండు వాళ్ళకు నేను సరిగా చెప్పలేకపోయానమ్మా. నువ్వు చెప్పు. మనవాళ్ళకు కూడా తెలిసేలా చెప్పు." ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాసి క్లబ్బులో ఇచ్చి వచ్చాను. ఇది నాన్న కోరినట్టు మన భాషలో రాస్తున్నాను.

నాన్న పల్నాడులో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యారు. ఊళ్ళో ఇప్పటికీ ఆయన డ్రిల్లు మాస్టారే. అందరూ కబడ్డీ, వాలీబాల్ ఆడే ఊళ్ళో పట్టుబట్టి ఫుట్‌బాల్ జట్టు తయారు చేశారు. మిరప కోతలు మొదలయ్యాయంటే బడి గ్రౌండు కళ్ళమైపోయేది. గోల్ పోస్టుల మధ్య ఎర్రగా కాయలు ఆరుతుండేవి, ఆ ఘాటుకు పిల్లలు దగ్గుతూ గట్టున కూర్చునేవారు. కాయ ఎత్తేసిన మర్నాడే నాన్న సున్నం డబ్బా పట్టుకుని మళ్ళీ గీతలు గీసేవారు. ఆ డబ్బా అడుగున మేకుతో కొట్టిన చిల్లులు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉన్నాయి.

అమ్మ పోయాక నాన్న ఇల్లు వదిలి రావడం ఇదే మొదటిసారి. సెప్టెంబరు చివర్లో వచ్చారు. నేను ఆసుపత్రిలో నర్సును, పన్నెండు గంటల డ్యూటీలు. మావారు ఉదయం వెళితే రాత్రికే రాక. బాబు బడికి వెళ్ళిపోతాడు. ఇంట్లో నాన్న ఒక్కరే, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని. ఇక్కడ మాట్లాడే మనిషి లేడని ఆయన ఎప్పుడూ అనలేదు కానీ అన్నం తగ్గించేశారు. అది చూస్తూ డ్యూటీకి వెళ్ళడం ఎంత కష్టమో ఇంటికి దూరంగా ఉన్నవాళ్ళకు చెప్పనక్కరలేదు.

అక్టోబరులో ఒక శనివారం నడకకని వెళ్ళి దారి తప్పారు. మా క్రాస్‌పూల్ ప్రాంతంలో వీధులన్నీ ఒకే పోలికలో ఉంటాయి, పైగా ఎత్తూ పల్లాలు. వాన మొదలైంది, ఫోను చార్జింగ్ అయిపోయింది. జేబులో నేను రాసిచ్చిన చిరునామా కాగితం తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి. దూరంగా ఫ్లడ్‌లైట్లు కనిపిస్తే, గ్రౌండైతే మనుషులుంటారని అటు నడిచారట. అదే హాలమ్ ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్ళ శాండీగేట్ గ్రౌండు.

గేటు దగ్గర టికెట్లు ఇచ్చే పెద్దాయన ఆ కాగితం అందుకుని, దీపం కింద పెట్టి, ఒక్కొక్క అంకె పోల్చుకుంటూ నా నంబరు కూడబలుక్కున్నారు. నేను వార్డులో ఉండి ఫోను ఎత్తలేదు. నలభై నిమిషాల తరువాత చూసుకుంటే అదే నంబరు నుంచి ఐదు కాల్స్. గుండె ఆగినంత పనైంది. పరుగున వెళ్ళేసరికి నాన్న రెయిలింగ్ పక్కన ఎవరిదో పెద్ద కోటు కప్పుకుని, రెండు చేతులతో టీ కప్పు పట్టుకుని మ్యాచ్ చూస్తున్నారు. నన్ను చూసి అన్న మొదటి మాట: "ఈ గ్రౌండు వాలుగా ఉందే! ఇక్కడ ఎలా ఆడుతున్నారమ్మా వీళ్ళు?"

అమ్మ పోయాక ఆయన గొంతులో ఆ ఉత్సాహం వినడం అదే మొదలు.

ఆ తరువాత ఇక్కడ మ్యాచ్ ఉన్న ప్రతి శనివారం వెళ్ళారు. మ్యాచ్ లేని రోజుల్లో కూడా, నెట్లు కట్టడానికి, చెత్త ఏరడానికి, గడ్డి చూసుకోవడానికి ఎవరో ఒకరు వస్తారు. వాళ్ళలో జీతం తీసుకునేవాళ్ళు దాదాపు లేరు. నాన్న నెట్టు ముడి వేసే తీరు చూసి, ఈయన ఈ పని తెలిసిన మనిషి అని గ్రౌండు చూసుకునే ఆయన పట్టేశారు. అప్పటి నుంచి అక్కడ అందరికీ నాన్న 'మాస్టర్'. యూనివర్సిటీలో చదువుకుంటున్న మన ఖమ్మం అబ్బాయి ఒకడు, తన శనివారాలు వదులుకుని నాన్న పక్కన నిలబడి రెండు వైపులా మాటలు మోశాడు. ఒకరోజు వాడు, "మాస్టారూ, ఇది ఎలాంటి చోటో మీకు తెలుసా?" అని అడిగాడట. అక్కడి నుంచి నాన్న నోటు పుస్తకం మొదలైంది.

ఆ పుస్తకం ఇప్పుడు నా ముందు ఉంది. హాజరు పట్టీలో రాసినట్టే తేదీల కింద ఎర్ర సిరాతో గీతలు. మొదటి పేజీలో: "హాలమ్ క్లబ్బు, స్థాపన 4 సెప్టెంబరు 1860. స్థాపించినవారు జాన్ చార్లెస్ షా, జాన్ వాటర్‌ఫాల్." ఈ రోజు హాలమ్ షెఫీల్డ్ నగరంలో కలిసిపోయింది కానీ అప్పట్లో ఇది కొండమీది పల్లె. అందుకే ఈ జట్టుకు ఇప్పటికీ 'పల్లెటూరి వాళ్ళు' అనే అర్థం వచ్చే ముద్దుపేరు. ప్రపంచంలో అన్నిటికంటే పాత ఫుట్‌బాల్ క్లబ్బు 1857లో పుట్టిన షెఫీల్డ్ క్లబ్బు. హాలమ్‌ది రెండో స్థానం. 1860 డిసెంబరు 26న ఈ రెండు జట్లూ ఈ శాండీగేట్‌లోనే ఆడాయి. వేర్వేరు క్లబ్బుల మధ్య జరిగిన మొట్టమొదటి ఫుట్‌బాల్ మ్యాచ్ అదే. షెఫీల్డ్ 2–0తో గెలిచింది. మొన్న డిసెంబరు 26న నాన్న ఒక్కరే నడిచి వెళ్ళి ఆ గేటు ముందు కాసేపు నిలబడి వచ్చారు.

నాన్న వాళ్ళను అడిగిన మొదటి ప్రశ్న, పల్లెటూరి మనిషి ఎవరైనా అడిగేదే. "ఈ భూమి ఎవరిది?" ఆ ఒక్క ప్రశ్నకు వచ్చిన జవాబు పుస్తకంలో నాలుగు పేజీలు నిండింది. 1804 నుంచి ఇది హాలమ్ క్రికెట్ క్లబ్బు ఆడుకుంటున్న మైదానం. ఆ క్రికెట్ ఆటగాళ్ళే ఫుట్‌బాల్ మొదలుపెట్టారు. 1860 నుంచి ఇక్కడ ఫుట్‌బాల్ ఆడుతున్నారు కాబట్టి, ప్రపంచంలోకెల్లా పాత ఫుట్‌బాల్ గ్రౌండుగా గిన్నిస్ వాళ్ళు దీన్ని నమోదు చేశారు. మరోవైపు, మొట్టమొదటి క్లబ్బయిన షెఫీల్డ్‌కు తనదంటూ ఒక గ్రౌండు దొరికింది 2001లో, పక్క ఊరు డ్రాన్‌ఫీల్డ్‌లో. దాదాపు నూట నలభై మూడేళ్ళు వాళ్ళు అక్కడా ఇక్కడా ఆడుకున్నారు. ఈ వాక్యం కింద నాన్న రెండు గీతలు గీశారు. మిరప కళ్ళాల మధ్య జట్టును నిలబెట్టిన మనిషికి అది ఎంత లోతుగా తగిలిందో నాకు అర్థమవుతుంది.

అప్పటి ఆట ఇప్పటిలా ఉండేది కాదు. 1858 నాటి షెఫీల్డ్ నియమాల ప్రకారం బంతిని గాలిలో చేత్తో పట్టుకోవచ్చు, ఎదుటివాణ్ణి చేతులతో తోయవచ్చు. కాళ్ళమీద తన్నడం, కాలు అడ్డుపెట్టి పడేయడం మాత్రం తప్పు. మనం ఈ రోజు టీవీలో చూసే కార్నర్ కిక్ కూడా ఈ ఊరి నియమాల నుంచే వచ్చింది.

పుస్తకంలో నన్ను ఆపేసిన పేజీ 1862ది. ఆ డిసెంబరు 29న హాలమ్, షెఫీల్డ్ జట్లు ఇదే ఊళ్ళోని బ్రామల్ లేన్ మైదానంలో ఒక సహాయ మ్యాచ్ ఆడాయి. అమెరికాలో అంతర్యుద్ధం వల్ల పత్తి రాక ఆగిపోయి, లాంకషైర్ ప్రాంతపు బట్టల మిల్లులు మూతపడి, కార్మికులు తిండికి లేక అల్లాడుతున్న రోజులవి. వాళ్ళ కోసం డబ్బు పోగు చేయడానికి ఆడిన ఆట. ఒక్క గోలూ పడలేదు కానీ మధ్యలో పెద్ద గొడవైంది. హాలమ్ స్థాపకుడు వాటర్‌ఫాల్‌కూ, షెఫీల్డ్ స్థాపకుల్లో ఒకరైన నథానియెల్ క్రెస్విక్‌కూ కొట్లాట జరిగి జనం మైదానంలోకి దూసుకొచ్చారు. ఇదంతా రాసి, కింద నాన్న తన మాటగా ఒక ముక్క చేర్చుకున్నారు: "ఆ ఏళ్ళలోనే మన దేశం పత్తికి ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. అక్కడ మిల్లు ఆగితే ఇక్కడ చేనుకు ధర." నాన్న పుట్టింది పత్తి పండించే ఇంట్లో. ఐదు వేల మైళ్ళ దూరంలో ఒక ఫుట్‌బాల్ గ్రౌండు దగ్గర ఆయనకు తన నల్లరేగడి చేను గుర్తుకొచ్చింది.

కప్పు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నాన్న దాన్ని పిల్లలందరికీ ఫోనులో మళ్ళీ మళ్ళీ చెబుతున్నారు. 1867లో థామస్ యూడన్ అనే నాటకశాల యజమాని వెండి కప్పు పెట్టి పన్నెండు స్థానిక జట్లతో పోటీ జరిపించారు. ఇంగ్లండులో దేశమంతటి జట్లూ ఆడే ఎఫ్.ఎ. కప్పు మొదలుకావడానికి నాలుగేళ్ళ ముందు మాట ఇది. మార్చి 5న ఫైనల్లో హాలమ్ నార్ఫోక్ అనే జట్టును ఓడించింది. ఆ కప్పు తరువాత ఎలాగో చేయిజారిపోయింది. 1997లో స్కాట్లండ్‌లో పాత వస్తువుల వ్యాపారి ఒకరి దగ్గర బయటపడితే, క్లబ్బు 2,000 పౌండ్లు పోసి తిరిగి కొనుక్కుంది. టికెట్ల మీద, టీ కొట్టు మీద బతికే చిన్న క్లబ్బుకు అది చిన్న మొత్తం కాదు. ఇంట్లోంచి పోయిన అమ్మవారి నగ దొరికినట్టు ఉండి ఉంటుందని నాన్న అన్నారు. నాకైతే అంతకంటే మంచి పోలిక తట్టదు.

ఇప్పుడు నా కృతజ్ఞతలు. పేర్లు వేయవద్దని వాళ్ళే అడిగారు కాబట్టి వేయడం లేదు.

గేటు దగ్గర పెద్దాయనకు. ఐదుసార్లు ఫోను చేసి, ఎత్తకపోయినా విసుక్కోకుండా మా నాన్నను కనిపెట్టుకుని ఉన్నందుకు. తన కోటు విప్పి కప్పింది ఆయనేనని నాకు నెల తరువాత తెలిసింది. అంత వానలో ఆయన ఉత్త స్వెటరుతో నిలబడ్డారు.

టీ కొట్టులో ఉండే ఇద్దరు అమ్మలకు. నాన్న మాంసం తినరని తెలిశాక ప్రతి వారం ఆయన కోసం విడిగా చీజ్ రొట్టె తీసి పెట్టారు. మా ఇంట్లో తగ్గిన అన్నం అక్కడి నుంచే మళ్ళీ పెరిగింది.

గ్రౌండు చూసుకునే ఆయనకు. ఒక ఉదయం మధ్య గీత మీద బంతి పెట్టి వదిలి, అది వాలు వెంట నెమ్మదిగా దొర్లిపోవడం నాన్నకు చూపించారు. ఆ తరువాత గీతలు గీసే బండి నాన్న చేతికిచ్చారు. ప్రపంచంలోకెల్లా పాత ఫుట్‌బాల్ గ్రౌండులో ఒక పక్క గీత మా నాన్న గీశారు. ఆ రోజు ఇంటికొచ్చి బూట్లకు అంటిన తెల్ల రంగు తుడవనివ్వలేదు. ఆ బూట్లు అలాగే ఊరికి వెళ్ళాయి.

పాత పత్రికల ప్రతులు తీసి ఓపికగా చూపించిన నగర గ్రంథాలయం సిబ్బందికి. మా ఖమ్మం అబ్బాయికి. పరీక్షలు పెట్టుకుని కూడా నువ్వు చేసింది మా సొంత తమ్ముడు కూడా చేయలేడు. మా ఇంట్లో నీకు ఎప్పుడూ కంచం ఉంటుంది.

ఇక్కడ మూడు గంటలకు ఆట మొదలైతే, చలికాలంలో మన ఊళ్ళో రాత్రి ఎనిమిదిన్నర. పోయిన శనివారం సరిగ్గా ఆ వేళకు నాన్న ఫోను చేశారు. జట్టులో ఎవరెవరు ఉన్నారు, నేల తడిగా ఉందా, మొదటి సగం వాలుకు పైకి ఆడుతున్నామా, కిందికి ఆడుతున్నామా అని అడిగారు. నేను ఆ సమయంలో వార్డులో ఉన్నాను, చెప్పలేకపోయాను. వచ్చే శనివారం సెలవు పెట్టాను. బాబును తీసుకుని వెళ్ళి, రెయిలింగ్ దగ్గర నాన్న నిలబడే చోటు నుంచే ఫోను చేస్తాను.