లేజర్‌తో గుండెలో కొత్త నాళాలు: మిగతా సగం కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం. బైపాస్‌కీ స్టెంట్‌కీ వీలుకాని వాళ్లకు లేజర్ కొడితే గుండెలో కొత్త రక్తనాళాలు మొలుస్తాయని వాట్సాప్‌లో ఇంకా తిరుగుతూనే ఉంది. మీ ఆరోగ్యం పేజీలో దీని మీద వివరంగా రాయించండి.

ఇది కొత్త ఆలోచనేం కాదు. సరీసృపాల గుండె కండరానికి లోపలి గది నుంచే నేరుగా రక్తం అందుతుందని చూసి, బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో డాక్టర్ పి.కె.సేన్ 1960ల్లోనే సూదులతో కండరంలో చిల్లులు పెట్టి చూశారు (1968లో మన దేశంలో మొదటి గుండె మార్పిడి చేసింది కూడా ఆయనే). తర్వాత సూది బదులు లేజర్ వచ్చింది, 1998లో అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది.

తీరా చూస్తే ఆ మిల్లీమీటరు చిల్లులు చాలావరకు త్వరగానే పూడిపోతున్నాయి. మరి చేయించుకున్న కొందరికి ఛాతీ నొప్పి ఎలా తగ్గింది? గాయం మానేచోట సన్న నాళాలు పుడతాయని కొందరు, నొప్పి తెలిపే నరాలే దెబ్బతిన్నాయని ఇంకొందరు. 2005లో ఫలితాలు వెలువడిన ‘డైరెక్ట్’ అనే ట్రయల్‌లో 298 మందిలో కొందరికి లేజర్ కొట్టకుండా కొట్టినట్టు నటించారు, వాళ్లకూ దాదాపు అంతే ఉపశమనం! ఆ ట్రయల్‌లోది రక్తనాళం గుండా పంపే సన్న గొట్టం (కాథెటర్)తో చేసే పద్ధతి, ఛాతీ తెరిచి చేసేది కాదు, నిజమే. కానీ 2009లో చికిత్సలను బేరీజు వేసే బ్రిటన్‌లోని నైస్ సంస్థ రెండు పద్ధతులూ వాడొద్దనే చెప్పింది.

డబ్బు కట్టే ముందు "నొప్పి తగ్గుతుందా, ఆయుష్షు పెరుగుతుందా, ఆపరేషన్ రిస్క్ ఎంత?" అని విడివిడిగా అడగమని కూడా రాయండి.

— ఒక పాఠకుడు, విజయవాడ