మా శ్రీమతిని మళ్ళీ నడిపించిన వారందరికీ కృతజ్ఞతలు

గత శీతాకాలంలో మా శ్రీమతి సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ముదిరి ఆస్పత్రిలో చేరినప్పటి నుంచి నేటి వరకు మాకు అండగా నిలిచిన వారికి విడివిడిగా చెప్పుకున్నా తనివి తీరక, ఈ నాలుగు మాటలు అందరి ఎదుటా రాస్తున్నాను. ఆమె ఏనాడూ చుట్ట గానీ బీడీ గానీ ముట్టి ఎరుగదు. పుట్టింట్లోనూ, ఆ తరువాత మా ఇంటికి గ్యాస్ వచ్చేంత వరకూ ఊదుగొట్టం పట్టుకుని కట్టెల పొయ్యి ముందు కూర్చోవడమే ఆమె చేసిన పాపం.

మొదటి కృతజ్ఞత ఛాతీ డాక్టరు గారికి. డిశ్చార్జి రోజున ఇన్‌హేలర్లు రాసి ఊరుకోకుండా, మా ఇద్దరినీ కూర్చోబెట్టి, పాడైన ఊపిరితిత్తులు మునుపటిలా కావని, వ్యాయామం వల్ల స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊది ఊపిరితిత్తుల శక్తిని కొలిచే పరీక్ష) అంకెలు మారవని ముందే స్పష్టం చేశారు. ఆ తరువాత ఆమె తొడ చుట్టూ టేపు పెట్టి చూపించారు. ఆయాసానికి భయపడి నడక మానేయడం, మంచాన పడి ఉండడం, స్టెరాయిడ్ మాత్రలు వాడవలసి రావడం, ఇవన్నీ కలిసి తొడ కండరాలను కరిగిస్తాయని, అలా నీరసించిన కండరాలు ఆక్సిజన్‌ను సరిగా వాడుకోలేక నాలుగడుగులకే లాక్టిక్ ఆమ్లాన్ని తయారు చేస్తాయని, దానివల్ల పెరిగిన బొగ్గుపులుసు వాయువును బయటికి పంపడానికి అసలే అలసిన ఊపిరితిత్తులు ఇంకా వేగంగా పనిచేయవలసి వస్తుందని వివరించారు. కండరానికి తర్ఫీదు ఇస్తే అదే పనికి తక్కువ ఊపిరి సరిపోతుందన్నది ఆయన మాట. ఈ శిక్షణనే పల్మనరీ రిహాబిలిటేషన్ అంటారట. ఇది తన సొంత అభిప్రాయం కాదంటూ, 2015లో వైద్య పరిశోధనలను సమీక్షించే కొక్రేన్ సంస్థ 65 అధ్యయనాలను, 3,822 మంది రోగుల వివరాలను క్రోడీకరించి, ఈ శిక్షణతో ఆయాసమూ అలసటా తగ్గుతాయని తేల్చిన సంగతీ చెప్పారు. పరామర్శకు వచ్చిన ప్రతివారూ “కదలకుండా పడుకోబెట్టండి” అంటున్న రోజుల్లో ఆయన మాకిచ్చిన ఆ అరగంట విలువ ఇంతా అంతా కాదు.

ఇక ఫిజియోథెరపిస్టు అమ్మాయి గురించి ఎంత రాసినా తక్కువే. ఆరు నిమిషాల నడక పరీక్షకు 30 మీటర్ల తిన్నని వరండా కావాలట. ఓపీ రద్దీ మొదలు కాకముందే వార్డు సిబ్బంది స్ట్రెచర్లు పక్కకు జరిపి దారి ఇచ్చారు, వారికీ నమస్కారాలు. ఆయాసాన్ని సున్నా నుంచి పది వరకు అంకెల్లో చెప్పమని, నాలుగైదు దగ్గర ఉండేలా నడవాలని, వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసే ఆక్సీమీటర్ 88 శాతం కంటే దిగితే ఆగాలని ఆ అమ్మాయి నేర్పింది. “నాకు నాలుగు వేసుకోమ్మా” అని మా ఆవిడ అనడం విని, జీవితమంతా మార్కులు వేసిన నాకే నవ్వొచ్చింది. ఒక్క నిమిషం నడక, కాసేపు విరామం, మళ్ళీ నడక. పెదవులు సున్నాలా చుట్టి ఊపిరి నిదానంగా వదలడం. చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం. వారానికి రెండుసార్లు ఆస్పత్రిలో, మిగతా రోజుల్లో ఇంట్లో, దాదాపు రెండు నెలలు ఇలాగే సాగింది. విసుక్కున్నది మా ఆవిడే కానీ ఆ అమ్మాయి కాదు.

కాళ్ళకు కట్టుకునే బరువులు కొనబోతుంటే మా వీధి చివరి టైలరు గారు వారించి, పాత జీన్స్ గుడ్డతో రెండు పొడవాటి సంచులు కుట్టి, ఇసుక జారకుండా మధ్య మధ్య అడ్డకుట్లు వేసి, చీలమండకు ఒరుసుకోకుండా లోపలివైపు మెత్తని నూలుగుడ్డ అతికించి ఇచ్చారు. ఇసుకను కిరాణా కొట్టులో అరకిలో చొప్పున తూయించాము. మా అపార్ట్‌మెంటు వారు పొద్దున్నే సెల్లారులో బండ్లు ఒక పక్కకు పెట్టుకుని నడవడానికి చోటిచ్చారు. మా కోడలు, గుడ్డు తినని అత్తగారికి పెసరట్టు, గట్టి పప్పు, పెరుగు, సున్నుండలు కొద్దికొద్దిగా నాలుగైదు పూటలు పెట్టింది. కడుపు నిండా ఒకేసారి తింటే ఊపిరి అందదు కనుక, కండ పట్టడానికి మాంసకృత్తులు తప్పవు కనుక.

మొన్నటి పరీక్షలో ఆమె మునుపటికంటే 45 మీటర్లు ఎక్కువ నడిచింది. 30 మీటర్లు పెరిగితేనే చెప్పుకోదగ్గ మెరుగుగా లెక్కిస్తారట. నాకైతే అంతకంటే, చేతులు పైకెత్తితే రొప్పుతూ నెలల తరబడి కోడలి చేత జడ వేయించుకున్న మనిషి ఇప్పుడు తన జడ తానే వేసుకోవడం పెద్ద సంగతి.

మానేస్తే ఈ లాభమంతా ఏడాది రెండేళ్ళలో కరిగిపోతుందని హెచ్చరించారు కనుక సెల్లారు నడక ఆగదు. బండ్ల యజమానులు మరికొంత కాలం ఓర్చుకోవాలి. మన ఊళ్ళో ఇలాంటి ఇబ్బంది ఉన్నవారు తమ ఛాతీ డాక్టరును పల్మనరీ రిహాబిలిటేషన్ గురించి అడగండి. ఆయన చూసి సరేనన్నాకే మొదలుపెట్టండి. ఇసుక సంచులు కావలసినవారికి కుట్టి ఇవ్వడానికి టైలరు గారు సిద్ధంగా ఉన్నారు. మా దగ్గర ఎంత బతిమాలినా కుట్టుకూలి తీసుకోలేదు. మీ దగ్గరైనా తప్పక తీసుకోవాలని ఆయనను ఇక్కడే, అందరి సమక్షంలో, కోరుతున్నాను.