చీఫ్ ఆఫ్ స్టాఫ్ అంటే సైన్యాధిపతి కాదు

అయ్యా,

పది రోజుల క్రితం మీ జిల్లా పేజీలో వచ్చిన ‘అమెరికా సైనిక ఆసుపత్రి సర్వాధిపతిగా తెలుగు తేజం’ అన్న వార్త గురించి రాస్తున్నాను. ఆ రోజే రాయవలసింది. తప్పు మీ వాళ్లే గమనించి సవరణ వేస్తారని ఆగాను. సవరణ రాలేదు సరికదా, మొన్న ఆదివారం అదే వార్త ఇంకాస్త పెద్ద ఫోటోతో మళ్లీ వచ్చింది.

ఆ ఆసుపత్రికి చీఫ్ ఆఫ్ స్టాఫ్ అయిన ఆ డాక్టరుగారి మీద నాకు ఏ అక్కసూ లేదు. పరాయి దేశంలో ఆ కుర్చీ దాకా వెళ్లడం చిన్న పని కాదు. నా బాధ మీ వార్తతోనే. ఆయన పదో తరగతిలో ఎన్ని మార్కులు తెచ్చుకున్నారో రాశారు. మేనమామగారి ఊరు రాశారు. ఊళ్లో కట్టిన ఫ్లెక్సీ ఎన్ని అడుగులో కూడా రాశారు. ఆ పదవికి ఏ అర్హతలు కావాలో, అందులో కూర్చున్న మనిషి చేసే పని ఏమిటో మాత్రం ఒక్క వాక్యం లేదు.

అసలు అది సైనిక ఆసుపత్రే కాదు. యూనిఫాంలో ఉన్నవాళ్లకు రక్షణ శాఖ ఆసుపత్రులు వేరే ఉన్నాయి. ఇది యూనిఫాం విప్పేసినవాళ్లది, అంటే మాజీ సైనికులది. దానికి వేరే శాఖ ఉంది, అక్కడ అందరూ వీఏ అంటారు. చీఫ్ ఆఫ్ స్టాఫ్ కావడానికి ఒక్కరోజు కూడా సైన్యంలో పనిచేసి ఉండనక్కరలేదు. అంతెందుకు, 2017లో ఆ శాఖకే మంత్రి అయిన డాక్టర్ డేవిడ్ షుల్కిన్ ఏనాడూ సైన్యంలో లేరు. ‘సర్వాధిపతి’ కూడా తప్పే. ఆసుపత్రికి పెద్ద డైరెక్టరు. ఆయన చాలాచోట్ల డాక్టరే కాదు. చీఫ్ ఆఫ్ స్టాఫ్ ఆయన కింద ఉండి, వైద్యులందరి పనికీ జవాబుదారీగా ఉండే డాక్టరు. ఎవరి పట్టాలు అసలువి, ఎవరు ఏ ఆపరేషన్ చేయవచ్చు, ఎవరి చేతిలోంచి కత్తి లాగేయాలి అన్నవన్నీ చివరికి ఆయన బల్ల మీదికే వస్తాయి. 1946 నుంచి ఈ ఆసుపత్రులు వైద్య కళాశాలలతో కలిసి నడుస్తున్నాయి కనుక ఆ సంబంధాలు చూసుకోవడమూ ఆయన పనే.

కాగితం మీద అర్హతలు చెప్పాలంటే రెండు నిమిషాలు చాలు. వైద్య పట్టా, ఏదో ఒక రాష్ట్రపు లైసెన్సు ఉండాలి. ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రి కనుక అది ఏ రాష్ట్రానిదైనా చెల్లుతుంది. బోర్డు సర్టిఫికేషన్, అంటే తన స్పెషాలిటీలో పరీక్ష నెగ్గిన ధ్రువపత్రం, ఉంటే మేలు. ముందు అమెరికా పౌరులను చూస్తారు, తగినవాళ్లు దొరక్కపోతేనే ఇతరులను తీసుకుంటారు. నావంటివాళ్లం వెళ్లింది ఆ సందులోంచే. జే-1 వీసా మీద చదువుకున్నవాళ్లు రెండేళ్లు స్వదేశంలో ఉండి రావాలన్న నిబంధన తప్పించుకోవడానికి మూడేళ్లు అక్కడ పనిచేస్తామని సంతకం పెట్టాం. నా మూడేళ్లు పాతికేళ్లయ్యాయి.

ఇవన్నీ ఉన్నంత మాత్రాన సరిపోతుందా? విస్కాన్సిన్ రాష్ట్రంలోని టోమా ఆసుపత్రిలో నొప్పి మాత్రలు ఎంత ధారాళంగా పంచారంటే, దానికి ‘క్యాండీ ల్యాండ్’ అని పేరు పడింది. మన భాషలో మిఠాయి దేశం. 2014 ఆగస్టులో జేసన్ సిమ్‌కాకోస్కీ అనే 35 ఏళ్ల మాజీ మెరైన్ ఆ ఆసుపత్రి మంచం మీదే, కలగలిపి ఇచ్చిన మందుల విషప్రభావంతో చనిపోయాడు. ఆ మాత్రల వ్యవహారమంతటికీ కేంద్రం ఎవరనుకున్నారు? చీఫ్ ఆఫ్ స్టాఫే. మానసిక వైద్యుడు. పట్టాలకు లోటు లేదు. తర్వాత ఉద్యోగం పోయింది, లైసెన్సూ వదులుకున్నాడు. తప్పు చేసే డాక్టరును ఆపవలసిన కుర్చీలో ఆయనే ఉంటే, కింది డాక్టరు ఎవరికి చెప్పుకోవాలి?

అదే ఏడాది అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ వీఏ ఆసుపత్రి గొడవ. మొదటి అపాయింట్‌మెంటు సగటున 24 రోజుల్లో ఇస్తున్నామని ఆసుపత్రి లెక్క చూపించింది. ఇన్‌స్పెక్టర్ జనరల్ (ఆ శాఖలోనే తప్పులను విచారించే అధికారి) మనుషులు 226 మంది రోగుల కాగితాలు తిరగేస్తే 115 రోజులని తేలింది. 1,700 మంది పేర్లు అసలు అధికారిక నిరీక్షణ జాబితాలోనే లేవు. బయటపెట్టింది శామ్ ఫుట్ అనే వైద్యుడు, అదీ ఉద్యోగ విరమణ చేశాక. అప్పటి వీఏ మంత్రి షిన్‌సెకీ మే నెలాఖరులో రాజీనామా చేశారు.

ఆ లెక్క ఎలా కుదురుతుందో నేను కళ్లారా చూశాను. ఏ ఆసుపత్రి అన్నది అనవసరం. వియత్నాం యుద్ధంలో పనిచేసినవాళ్ల టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో, సిలిండరు బండి లాక్కుంటూ కౌంటరు దగ్గరికి వచ్చాడు. ఈ వారంలో డాక్టరును చూడాలన్నాడు. క్లర్కు కంప్యూటర్లో వెతికితే మూడు నెలల తర్వాత ఒక ఖాళీ కనిపించింది. ‘ఆ రోజు మీకు వీలేనా?’ అని అడిగాడు. పాపం ఆయన ఇంకేమంటాడు, సరే అన్నాడు. క్లర్కు తెర మీద వెనక్కి వెళ్లి, ‘రోగి కోరుకున్న తేదీ’ అన్న గడిలో అదే తేదీ కొట్టాడు. నిరీక్షణ: సున్నా రోజులు! నేను మా చీఫ్ ఆఫ్ స్టాఫ్ గదికి వెళ్లి చెప్పాను. ఆయన రోగిని ముట్టుకుని అప్పటికి పదేళ్లు దాటింది. ఇస్త్రీ మడత నలగని తెల్లకోటు వేసుకుని, ‘మన అంకెలు ఈ త్రైమాసికంలో బాగున్నాయి డాక్టర్’ అన్నారు. అంతే.

అందుకే అంటున్నాను. ఆ కుర్చీ ఎక్కే డాక్టరును అడగవలసినవి రెండే ప్రశ్నలు. వారంలో ఒక్కపూటైనా ఓపీలో కూర్చుంటావా? డైరెక్టరు ముందు పెట్టిన తప్పుడు లెక్క మీద సంతకం పెట్టనని ఎప్పుడైనా అన్నావా? ఏ ఉద్యోగ ప్రకటనలోనూ ఈ ప్రశ్నలు నాకు కనిపించలేదు. పైస్థాయిలో వాళ్ల తీరు ఇంతకన్నా మెరుగేమీ కాదు. వీఏ వైద్య విభాగం మొత్తానికి పెద్ద అయిన అండర్ సెక్రటరీ పదవిలో 2017 ఫిబ్రవరి నుంచి 2022 జులై దాకా సెనేట్ ఆమోదించిన మనిషే లేడు. అయిదేళ్లకు పైగా తాత్కాలికులతోనే బండి లాగించారు. ఆ పదవికి డాక్టరే కావాలని చట్టం కూడా అడగదు.

అమెరికా గోల మనకెందుకని మీరు అనవచ్చు. సరే, మన దగ్గరికే రండి. మా తమ్ముడు హవల్దారుగా రిటైరయ్యాడు. 2003లో మొదలైన మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డు జేబులో పెట్టుకుని పాలీక్లినిక్‌కు వెళితే, అక్కడ రిఫరల్ కాగితానికి ఒక రోజు, దాన్ని పట్టుకుని ప్రైవేటు ఆసుపత్రికి వెళితే ‘బకాయిలు రాలేదండీ’ అన్న మాటకు ఇంకో రోజు. ఆ పాలీక్లినిక్ బాధ్యుడు డాక్టరే కానక్కరలేదని మీ పాఠకుల్లో ఎంతమందికి తెలుసు? దాని మీద మీ విలేకరి ఎన్నడైనా నాలుగు వాక్యాలు రాశారా? బోధనాసుపత్రుల సూపరింటెండెంట్లను ఎలా వేస్తారో ఎత్తుకుంటే ఇంకో ఉత్తరం అవుతుంది. ఒకప్పుడు మీ డెస్కులో, ఇలాంటి వార్త వస్తే తెలిసిన డాక్టరుకు ఫోను చేసి ‘ఈ పదానికి అర్థం ఏమిటండీ’ అని అడిగే ఉపసంపాదకులు ఉండేవారు. నాకే రెండుసార్లు చేశారు. ఇప్పుడు అటువైపు నుంచి వచ్చిన ఫోటోను, పొగడ్తలను ఉన్నపళంగా అచ్చు వేస్తున్నట్టుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత వైద్యుడు,
తెనాలి

తా.క.: ఆదివారం ఫోటో కింద ‘సైనిక దుస్తుల్లో డాక్టర్’ అని రాశారు. ఆయన వేసుకున్నది ఆపరేషన్ థియేటర్ దుస్తులు. పచ్చగా ఉన్నంత మాత్రాన సైన్యం కాదు.