108 సిబ్బందికి పై చదువుకు దారి చూపాలి

సంపాదకులకు,

పెద్దాసుపత్రి క్యాజువాల్టీలో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. 108 అంబులెన్సులో రోగికి దారిలోనే అత్యవసర వైద్యం చేస్తూ వచ్చే ఈఎంటీల (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్ల) చదువు గురించి ఈ ఉత్తరం.

పక్షవాతం కేసు రాగానే మేం మొదట అడిగేది "ఎన్నింటికి మొదలైంది?" అనే. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. కొందరు ఈఎంటీలు ఇంటివాళ్లను ఆరా తీసి, రాత్రి పడుకునేటప్పుడు మాట బాగానే ఉందా, తెల్లారి లేచేసరికే నోరు వంకరపోయిందా అన్నది కూడా రాసుకొచ్చేవారు. షుగర్ చూసి మరీ చెప్పేవారు, అది బాగా పడిపోయినా ఒక్కోసారి పక్షవాతంలాగే కనిపిస్తుంది కాబట్టి. ఇంకొందరు "తెలీదు మేడం" అనేవారు. వాళ్లను తప్పుపట్టలేను. బీజెడ్‌సీ చదివిన కుర్రాడికి నెలన్నరో, రెండు నెలలో శిక్షణ ఇచ్చి బండి ఎక్కిస్తే, మిగతాది ఎవరి పట్టుదల కొద్దీ వాళ్లు నేర్చుకోవాల్సిందే. రోగి ప్రాణం మాత్రం ఆ రోజు డ్యూటీలో ఎవరున్నారన్న దాని మీద ఆధారపడుతోంది.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైనప్పుడు ఈ పనికని చదివినవాళ్లు పెద్దగా లేరు. సైన్స్ డిగ్రీవాళ్లను తీసుకోవడం అప్పటికి సబబే. ఇరవై ఏళ్లు దాటాక కూడా అదే పద్ధతా? బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి పారామెడిక్ చదువంటే డిగ్రీ స్థాయిదే. మన పార్లమెంటు కూడా అదే ఏడాది అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం చేసింది. అందులో ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్టులూ ఉన్నారు. డిప్లొమాకైనా కనీసం రెండేళ్లు, 2,000 గంటల చదువు ఉండాలంది.

నా టెన్షన్ అంతా ఒక్కటే. రేపు ఆ నిబంధన చూపించి, ఏళ్ల తరబడి కదిలే బండిలో కాన్పులు చేసినవాళ్లను సర్టిఫికెట్ లేదని ఇంటికి పంపేస్తారేమో! అది ఘోరం. అనుభవాన్ని లెక్కలోకి తీసుకుని వాళ్లకు బ్రిడ్జి కోర్సు పెట్టాలి. క్యాజువాల్టీలో, లేబర్ రూమ్‌లో మా పక్కన నిలబెట్టి నేర్పించాలి. చదువుకున్నన్నాళ్లూ జీతం ఆగకూడదు, పాసయ్యాక పెరగాలి. పెరగకపోతే చదివినవాళ్లు కార్పొరేట్ ఆసుపత్రులకో, గల్ఫ్‌కో వెళ్లిపోతారు.

ఇప్పుడు చాలా జిల్లాల్లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. ఈ కోర్సు అక్కడే నడపొచ్చు. 108 నిర్వహణకు ఈసారి టెండరు పిలిచేటప్పుడే, ఏజెన్సీ మారినా సిబ్బంది సర్వీసు, కోర్సు రెండూ కొనసాగాలన్న షరతు పెట్టాలని రెండు రాష్ట్రాల ఆరోగ్య మంత్రులనూ కోరుతున్నాను.

– ఓ రిటైర్డ్ స్టాఫ్ నర్సు, రాజమహేంద్రవరం