నోటు విలువ వేళ్లకూ తెలియాలి

అయ్యా,

వంద, రెండు వందలు, అయిదు వందల నోట్ల వెడల్పు 66 మిల్లీమీటర్లే. పొడవులు మాత్రం వరుసగా 142, 146, 150. చూపులేని మనిషి కదిలే బస్సులో ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఈ నాలుగు మిల్లీమీటర్ల తేడాతోనే కండక్టరు ఇచ్చిన నోట్లు సరిచూసుకోవాలి. వందపై త్రిభుజాన్ని, అయిదు వందలపై వృత్తాన్ని ఉబ్బెత్తుగా ముద్రిస్తున్న మాట నిజమే గానీ, పది చేతులు మారి చెమటకు నానేసరికి ఆ గుర్తులు అరిగిపోతాయి. పాత శ్రేణిలో ఇరవైకి, యాభైకి ఉన్న గుర్తులను కొత్త శ్రేణిలో తీసేయడం అన్యాయం.

రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన మణి యాప్‌ నోటు విలువను చెబుతుంది. అయితే అది స్మార్ట్‌ఫోను ఉన్నవారికే, అదీ రద్దీలో ఫోను బయటికి తీయగలిగితేనే. ఇరవై రూపాయల నాణేన్ని పన్నెండు భుజాలతో చేసినప్పటి శ్రద్ధ నోట్ల మీదా చూపాలి. పెద్దయ్యాక చూపు పోయినవారిలో చాలామందికి బ్రెయిలీ రాదు కనుక, బ్రెయిలీ అంకెలకన్నా అరగని సులువైన గుర్తులు, పొడవుల్లో స్పష్టమైన తేడా మేలని నా అభిప్రాయం. కొత్త నమూనాలు ఖరారు చేసేముందు వాటిని అంధుల చేతికిచ్చి పరీక్షించాలని రిజర్వు బ్యాంకును కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, వరంగల్‌